బీరువాలోని జాకెట్టు ముక్కతో తాంబూలం సంచి: కుట్టడం, వెల కట్టడం, అమ్మడం

ఏ తెలుగింటి బీరువా తెరిచినా ఒక అరలో జాకెట్టు ముక్కల దొంతర కనిపిస్తుంది. వరలక్ష్మీ వ్రతానికి ఒకరు, గృహప్రవేశానికి ఒకరు, సీమంతానికి మరొకరు పసుపు కుంకుమలతో కలిపి పెట్టిన ఆ ముక్కలలో నిజంగా జాకెట్టుగా మారేవి చాలా తక్కువ. రంగు ఏ చీరకూ నప్పలేదనో, గుడ్డ పలచగా ఉందనో వాటిని అలాగే ఉంచి, మరో పేరంటంలో మరొకరికి పెట్టేస్తాము. ఒక్కొక్క ముక్క ఇలా నాలుగైదు ఇళ్ళు తిరిగి, మడతల దగ్గర రంగు వెలిసి, ఒక మూల పసుపు మరకతో చివరకు పాత గుడ్డల మూటలో చేరుతుంది. బెంగళూరులో హొరమావు దగ్గర మా ఇంట్లో ఆరేళ్ళుగా నేను కుట్టి అమ్ముతున్న తాంబూలం సంచులన్నీ అలా మూటలో చేరకముందే తీసుకున్న ముక్కలతో చేసినవే. ఈ పనిని ఇంటి నుంచి మొదలుపెట్టాలనుకునేవారికి అవసరమైన వివరాలను, నేను నష్టపోయి నేర్చుకున్న వాటితో సహా, ఇక్కడ రాస్తున్నాను.

మొదట నేను గాజు సీసాలకు రంగులు వేశాను. తరువాత వార్తాపత్రికలను చుట్టి బుట్టలు అల్లాను. చూసినవారందరూ బాగున్నాయన్నారు. అయితే ఒకావిడ వచ్చి, ఇదే సీసా ఇలాంటివే ముప్పై కావాలని అడిగినప్పుడు నా దగ్గర ఒకే ఆకారంలో ఉన్న సీసాలు నాలుగు కూడా లేవు. పాత సామానుతో వస్తువులు చేసేవారిలో చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఒక అందమైన వస్తువు చేయడం ఒక ఎత్తు, అదే వస్తువును ఒకే కొలతలో వంద చేసి ఇవ్వగలగడం మరొక ఎత్తు. కాబట్టి ముందు మీ చుట్టుపక్కల ఏడాది పొడుగునా ఆగకుండా, దాదాపు ఒకే కొలతలో దొరికే పాత సామాను ఏదో చూసుకోండి. దానికి తగిన వస్తువును తరువాత ఎంచుకోండి. జాకెట్టు ముక్క సాధారణంగా 80 సెంటీమీటర్లు ఉంటుంది. అంటే ప్రతిసారీ కొత్తగా కొలతలు ఆలోచించనక్కరలేదు. ఆ ఒక్క కారణంతోనే నేను దీనిని ఎంచుకున్నాను.

ముక్కలు సేకరించడం

అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో ఒక్క సందేశం పెడితే మొదటి వారంలోనే ముప్పై, నలభై ముక్కలు వస్తాయి. వరలక్ష్మీ వ్రతం అయిన రెండు వారాల తరువాత ఒకసారి, దసరా అయిన తరువాత ఒకసారి అడగడం మంచిది, ఎందుకంటే అప్పుడు ప్రతి ఇంట్లోనూ కొత్తగా వచ్చిన ముక్కలు పాత దొంతర మీద పేరుకొని ఉంటాయి. బెంగళూరులో కన్నడిగుల ఇళ్ళలోనూ ఇదే ఆచారం. గౌరీ హబ్బకు (గౌరీ పండుగకు) మన వాయనంలా ఇచ్చే బాగినంలోనూ జాకెట్టు ముక్క ఉంటుంది కాబట్టి, మనవాళ్ళను మాత్రమే కాక ఇరుగుపొరుగు కన్నడిగులను కూడా తప్పక అడగండి.

రెండవ వనరు వీధిలోని టైలర్లు. జాకెట్లు, లంగాలు కుట్టగా మిగిలిన పట్టు పేలికలు వారి బల్ల కింద గోనెసంచిలో ఉంటాయి. మా వీధి టైలరును మొదటిసారి అడిగినప్పుడు, "ఈ పేలికలతో ఏం చేస్తారు మేడమ్, తీసుకుపోండి" అని ఊరికే ఇచ్చాడు. మూడు నెలల తరువాత సంచిలో గుడ్డతో పాటు విరిగిన సూదులు, దారపు ఉండలు, బ్లేడు ముక్కలు కూడా రాసాగాయి. అప్పటి నుంచి ఆయనకు నెలకు కొంత డబ్బు ఇస్తున్నాను. ఇప్పుడు ఆయన పట్టు వేరుగా, కాటన్ వేరుగా తీసి ఉంచుతాడు, సూదులు ఏరిపెడతాడు. ఊరికే వచ్చిన సామానుకు ఎవరూ బాధ్యత వహించరు. అందుకే ఇచ్చేవారికి కొద్దిగానైనా డబ్బు ఇవ్వండి.

ఇక్కడే ఒక సున్నితమైన విషయం ఉంది. సంచి వెళ్ళేది పేరంటానికి. దానిలో తమలపాకులు, వక్కలు, పసుపు కుంకుమలు, కొబ్బరికాయ పెడతారు. కట్టి విడిచిన చీర గుడ్డతో చేసిన సంచిలో తాంబూలం ఇవ్వడానికి చాలామందికి మనసొప్పదు. కర్మకాండలలో ఇచ్చిన గుడ్డ అని తెలిస్తే ఎవరూ తీసుకోరు. ఇది మూఢనమ్మకమా కాదా అన్న చర్చ మన పని కాదు. కొనేవారికి నిజం చెప్పడం మాత్రం మన పని. అందుకని ముక్క ఇచ్చేటప్పుడే అది ఏ సందర్భంలో వచ్చిందో మెల్లగా అడిగి తెలుసుకుంటాను. తాంబూలం సంచులకు పైగుడ్డ, అస్తరు రెండూ ఒంటికి తగలని ముక్కలతోనే కుడతాను. కట్టిన చీరలను వేరే అరలో ఉంచి, కూరగాయల సంచులకు, దిండు గలేబులకు వాడతాను. రెండు అరలలోని గుడ్డ ఎప్పుడూ కలవకూడదు.

ఏరడం, ఉతకడం, పరీక్షించడం

మొత్తం పనిలో విసుగు పుట్టించేది ఇదే, తప్పు జరిగితే ఎక్కువ నష్టం తెచ్చేదీ ఇదే. మొదట గుడ్డ ఏ రకమో తెలుసుకోవాలి. అంచు నుంచి నాలుగు పోగులు లాగి, పళ్ళెం మీద పట్టుకారుతో పట్టుకొని అగ్గిపుల్లతో కాల్చండి. కాలిన వెంట్రుకల వాసన వచ్చి, నలిపితే పొడి అయ్యే నల్లటి బూడిద మిగిలితే అది పట్టు. కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద అయితే కాటన్. కరిగి, చల్లారిన తరువాత గట్టి పూసలా మిగిలితే పాలిస్టర్. మనకు వచ్చే ముక్కలలో పట్టులా మెరిసేవాటిలో ఎక్కువ భాగం పాలిస్టరే. దానిని తీసిపారేయనక్కరలేదు, ఇస్త్రీ వేడి తగ్గించి, పైన కాటన్ గుడ్డ పరచి ఇస్త్రీ చేస్తే చాలు. అమ్మేటప్పుడు మాత్రం పట్టు సంచి అని చెప్పకూడదు.

తరువాతిది రంగు పరీక్ష. మూడవ ఏడాది శ్రావణంలో అరవై సంచులు ఒక ఇంటికి కుట్టి ఇచ్చాను. వాటిలో ఇరవై ఎర్రటి ముక్కలతో చేసినవి. ఉతికాను, ఆరబెట్టాను, ఇస్త్రీ చేశాను, రంగు నిలుస్తుందనుకున్నాను. వ్రతం నాటి సాయంత్రం వారు తడిపిన తమలపాకులను, పూలను ఆ సంచులలో పెట్టి ఇచ్చారు. ఆ తడికి రంగు దిగి, ఒక ముత్తైదువ లేతపసుపు చీర కుచ్చిళ్ళ మీద అరచేయంత ఎర్రటి మరక పడింది. నేను డబ్బంతా తిరిగి ఇచ్చాను, ఆ చీర డ్రైక్లీనింగు ఖర్చు కూడా పెట్టుకున్నాను. ఇప్పుడు ప్రతి ముక్క మీదా తడిపిన తెల్ల కాటన్ గుడ్డను పరచి, గుడ్డకు తగిన వేడి ఇస్త్రీని పది సెకన్లు అదిమి పట్టి చూస్తాను. తెల్ల గుడ్డకు రంగు అంటితే ఆ ముక్కను మళ్ళీ రెండు మూడు సార్లు ఉతికి మళ్ళీ పరీక్షిస్తాను. అప్పటికీ అంటితే అది తాంబూలం సంచికి పనికిరాదు. ఉప్పునీళ్ళలో నానబెడితే రంగు గట్టిపడుతుందని చాలామంది చెబుతారు. అద్దకం వేసేటప్పుడు ఉప్పు పనికివస్తుంది గాని, ఒకసారి తయారైన గుడ్డలో వదులుగా ఉన్న రంగును అది పట్టి ఉంచదు. మిగులు రంగు పోయేదాకా ఉతకడం తప్ప వేరే దారి లేదు.

పసుపు మరకకు సబ్బు రాస్తే అది ఎర్రగా మారుతుంది; భయపడకండి, కడిగితే ఆ ఎరుపు పోతుంది. మిగిలిన పసుపు ఛాయను ఎండలో రెండు రోజులు ఆరేస్తే ఎండే తీసేస్తుంది. పట్టు ముక్కలను మాత్రం ఎండలో వేయవద్దు, నీడలోనే ఆరాలి.

పాత పట్టుచీర ఎవరైనా ఇస్తే కత్తెర పెట్టే ముందు జరీని చూడండి. అసలైన జరీ అంటే పట్టు పోగు చుట్టూ వెండి రేకును చుట్టి బంగారు పూత పూసినది. గోరుతో గీకితే లోపల ఎర్రటి పట్టు పోగు కనబడడం దానికి ఒక గుర్తు. అలాంటి చీర జరీ కొనేవారి దగ్గర మంచి ధర పలుకుతుంది. ఇచ్చిన ఇంటివారికి ఆ మాట చెప్పి, వారు సరే అన్న తరువాతే కోయాలి.

కోయడం, కుట్టడం

కొబ్బరికాయ పట్టే సంచికి నేను వాడే కొలతలు ఇవి. తయారైన సంచి వెడల్పు 9 అంగుళాలు, ఎత్తు 10 అంగుళాలు, అడుగు 3 అంగుళాలు. దీనికి పైగుడ్డను 13 అంగుళాల వెడల్పు, పన్నెండున్నర అంగుళాల పొడవుతో రెండు ముక్కలుగా కోయాలి. అస్తరుకు కూడా అంతే. పిడులకు 4 అంగుళాల వెడల్పు, 14 అంగుళాల పొడవుతో రెండు పట్టీలు కావాలి. 80 సెంటీమీటర్లంటే సుమారు ముప్పై ఒకటిన్నర అంగుళాలు. గుడ్డ పన్నా (అడ్డం వెడల్పు) 36 అంగుళాలున్నా ఒక జాకెట్టు ముక్కలో సరిగ్గా రెండు సంచులకు పైగుడ్డ, నాలుగు పిడులు వస్తాయి. పన్నా వైపు రెండు ముక్కలు పక్కపక్కన పెడితే 26 అంగుళాలు పోగా 10 అంగుళాలు మిగులుతుంది. ఆ మిగులులో 4 అంగుళాల పట్టీలు రెండు నిలువుగా తీసి, ఒక్కొక్కదానిని రెండు పిడులుగా కోయండి. అట్టతో ఈ కొలతల నమూనా ఒకటి చేసి పెట్టుకుంటే సుద్దముక్కతో గీయడం ఒక్క నిమిషం పని.

జాకెట్టు ముక్క పలచన కాబట్టి దానికి బలం కావాలి. కొత్త ఫ్యూజింగ్ కాన్వాస్‌ను ఇస్త్రీతో అతికించడం సులభమైన పద్ధతి. సంచిలో కొత్తగా కొన్న సామాను వీలైనంత తగ్గించాలనుకుంటే, కూరగాయల సంచులకు పాత దుప్పటి ముక్కను మధ్య పొరగా పెట్టి అంచుల చుట్టూ కచ్చా కుట్టు వేయవచ్చు. మిషనుకు పలచటి పట్టు, పాలిస్టర్ గుడ్డలకు 11 నంబరు సూది, పొరలు కలిసిన చోట 14 నంబరు సూది వాడండి.

ముందు పిడులు. పట్టీ రెండు అంచులను మధ్యకు మడిచి, మళ్ళీ సగానికి మడిచి, అంగుళం వెడల్పున వచ్చిన దానికి రెండు వైపులా కుట్టు వేయాలి. పైగుడ్డ రెండు ముక్కల మంచి వైపులను ఎదురెదురుగా పెట్టి, పక్కలు, అడుగు అర అంగుళం లోపలికి కుట్టండి. అడుగు మూలలో పక్క కుట్టును, అడుగు కుట్టును ఒకదాని మీద ఒకటి వచ్చేలా పట్టుకుంటే మూల త్రికోణంలా నిలుస్తుంది. కొన నుంచి ఒకటిన్నర అంగుళం వదిలి, అక్కడ త్రికోణం వెడల్పు 3 అంగుళాలు ఉందో లేదో చూసుకొని, అడ్డంగా రెండుసార్లు కుట్టి, మిగిలిన కొనను కత్తిరించండి. కొబ్బరికాయ బరువంతా పడేది ఈ కుట్ల మీదే. అస్తరును కూడా ఇలాగే కుట్టాలి గాని, దాని అడుగున 4 అంగుళాలు కుట్టకుండా వదలాలి.

ఇప్పుడు పైగుడ్డ సంచిని మంచి వైపు బయటికి వచ్చేలా తిప్పి, తిప్పని అస్తరు సంచిలోకి దించండి. రెండింటి మంచి వైపులు ఒకదానికొకటి తగులుతూ ఉండాలి. పిడులను వాటి మధ్య, పక్క కుట్ల నుంచి రెండున్నర అంగుళాల చొప్పున లోపలికి, తలకిందులుగా పెట్టి గుండుసూదులు గుచ్చండి. మూతి చుట్టూ అర అంగుళం లోపలికి కుట్టి, పిడి దగ్గర ముందుకూ వెనకకూ మూడుసార్లు నడపండి. అస్తరు అడుగున వదిలిన సందులోంచి మొత్తం సంచిని బయటికి లాగి, ఆ సందును మూసి కుట్టి, అస్తరును లోపలికి తోసి, మూతి చుట్టూ పైనుంచి ఒక వరుస కుట్టు వేస్తే సంచి పూర్తయినట్టే. ఒక్కొక్క సంచిని మొదటి నుంచి చివరిదాకా కుట్టకండి. ఇరవై సంచుల పిడులు ఒకసారి, ఇరవై సంచుల పక్కలు ఒకసారి కుడితే చేయి అలవాటుపడి సమయం చాలా మిగులుతుంది.

వెల కట్టడం

గుడ్డ ఊరికే వచ్చింది కదా అని మొదటి ఏడాది నేను సంచిని 60 రూపాయలకు ఇచ్చాను. ఆ ధరకు నా చేతికి మిగిలిందేమిటో ఎప్పుడూ లెక్క వేయలేదు. ఇప్పుడు గోడ మీద ఒక కాగితం అంటించి, ఏ పనికి ఎన్ని గంటలు పట్టిందో అదే రోజు రాస్తాను. ఇరవై సంచుల లెక్క ఉదాహరణకు ఇలా ఉంటుంది. సేకరించడం, ఉతకడం, పరీక్షించడం, ఇస్త్రీ కలిపి 5 గంటలు. కోయడం 2 గంటలు. కుట్టడం 10 గంటలు. దారాలు తీసి, చీటీ కట్టి, సర్దడం 2 గంటలు. మొత్తం 19 గంటలు. గంటకు 100 రూపాయలు వేసుకుంటే 1,900. దారం, కాన్వాస్, చీటీలు, టైలరుకు ఇచ్చేది కలిపి 360. రెండూ కలిస్తే 2,260. మిషను మరమ్మతుకు, కరెంటుకు, పాడైన ముక్కలకు పది శాతం, అంటే 226 కలిపితే 2,486 రూపాయలు. సంచికి సుమారు 124 రూపాయలు పడింది. దీని మీద పాతిక శాతం లాభం వేసుకుంటే 155.

ఆ 5 గంటలను చూడండి. కొత్త గుడ్డ కొని కుట్టేవారికి ఆ గంటలు ఉండవు. పాత సామానుతో పనిచేసేవారు లెక్కలోంచి జారవిడిచేది ఎప్పుడూ ఈ భాగాన్నే, అందుకే రెండేళ్ళకు అలసిపోయి మానేస్తారు. "పాత గుడ్డే కదా, తగ్గించి ఇవ్వమ్మా" అని అడిగే పెద్దావిడకు నేను కోపం లేకుండా ఆ కాగితం చూపిస్తాను. ఎక్కువమంది అర్థం చేసుకుంటారు. యాభై దాటిన ఆర్డరుకు లాభంలోంచి కొంత తగ్గిస్తాను గాని, గంటల కూలిలోంచి ఎప్పుడూ తగ్గించను.

అమ్మడం

పేరంటాలలో పంచే సంచులలో ఎక్కువ భాగం గుడ్డలా కనిపించే నాన్‌వోవెన్ సంచులు. అవి గుడ్డ కావు, పాలిప్రొపిలీన్ అనే ప్లాస్టిక్. కర్ణాటక 2016లోనే ప్లాస్టిక్ సంచులను నిషేధించింది. 2021 సెప్టెంబరు 30 నుంచి దేశమంతటా చదరపు మీటరుకు 60 గ్రాములకన్నా తక్కువ బరువున్న నాన్‌వోవెన్ సంచులకు అనుమతి లేదు. ఈ మాటను కొనేవారికి వివరంగా చెప్పండి. చాలామంది తాము గుడ్డసంచే ఇస్తున్నామని నమ్మి ప్లాస్టిక్ ఇస్తున్నారు. అలాగే మన పాలిస్టర్ ముక్క కూడా ప్లాస్టిక్ జాతిదేనని ఒప్పుకోవాలి. కొత్తగా తయారు చేయించలేదు, మళ్ళీ మళ్ళీ వాడవచ్చు అన్నంతవరకే దాని గొప్ప.

ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు, టైలర్లకూ తీరిక దొరుకుతుంది. కోత, కుట్టు ఆ నెలలోనే ముగించాలి. శ్రావణం మొదలైన తరువాత వచ్చే ఆర్డర్లు అప్పటికే కుట్టి ఉన్నవాటితో తీర్చాలి తప్ప కొత్తగా ఒప్పుకోకూడదు. సగం డబ్బు ముందే తీసుకోండి. రంగులు ఒకేలా ఉండవని, కొలత మాత్రం ఒకటేనని ఫోటోతో సహా వాట్సాప్‌లో రాసి, వారి అంగీకారం కూడా రాతలోనే తీసుకోండి.

కుమారకృప రోడ్డులోని చిత్రకళా పరిషత్తు వంటి చోట్ల చేతిపనుల ప్రదర్శనలు ఏడాది పొడుగునా జరుగుతూ ఉంటాయి. స్టాలు తీసుకునే ముందు ఒక భాగహారం చేయండి. సంచికి లాభం 31 రూపాయలు, స్టాలు అద్దె 3,000 అనుకుంటే, అద్దె తీరడానికే 97 సంచులు అమ్మాలి. కాబట్టి ప్రదర్శనను అమ్మకం కోసం కాక ఆర్డర్ల కోసం వాడుకోవాలి. నమూనాలు పెట్టి, ఫోన్ నంబర్లు రాసుకోవాలి. కార్తీక మాసం చివరి సోమవారం బసవనగుడిలో జరిగే వేరుశనగకాయల తిరునాళ్ళు, కడలెకాయి పరిషెకు గుడ్డసంచి తెచ్చుకోమని ఈమధ్య ప్రచారం చేస్తున్నారు. వేరుశనగకాయలు మోయడానికి అస్తరు లేని పెద్ద కాటన్ సంచి, తక్కువ ధరలో, ఆ రోజులకు సరిపోతుంది. దానికి కట్టిన చీరల అర పనికివస్తుంది.

కాగితాల సంగతి క్లుప్తంగా చెబుతాను. చిన్న వ్యాపారాలకు ఉండే ఉద్యమ్ నమోదు ఆధార్, పాన్‌లతో ప్రభుత్వ వెబ్‌సైటులో ఉచితంగా అవుతుంది. దానికి డబ్బు అడిగేవారిని నమ్మవద్దు. కర్ణాటకలో సరుకులు మాత్రమే అమ్మేవారికి ఏడాది టర్నోవరు 40 లక్షల రూపాయలు దాటేవరకు జీఎస్టీ నమోదు అక్కరలేదు. అయితే మనలో చాలామంది సంచులు అనంతపురానికో, తిరుపతికో, హైదరాబాదుకో వెళతాయి. రాష్ట్రం దాటి సరుకు అమ్మితే టర్నోవరు ఎంత తక్కువైనా నమోదు తప్పనిసరి అన్నది సాధారణ నియమం. గుర్తించిన హస్తకళా వస్తువులకు దీనిలో ఒక పరిమితి వరకు మినహాయింపు ఉంది. మీ సంచి ఆ పట్టికలోకి వస్తుందో రాదో మొదటి పార్సిలు పంపక ముందే ఒక ఆడిటరును అడిగి తెలుసుకోండి. టైలరింగును వృత్తిగా చేసేవారికి 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 15,000 రూపాయల వరకు పనిముట్ల సహాయం, ఐదు శాతం వడ్డీకి మొదట లక్ష, తరువాత రెండు లక్షల రూపాయల వరకు అప్పు దొరికే వీలుంది.

మిగిలిన పేలికలను పారేయకండి. రెండు అంగుళాలకు మించిన కాటన్, పట్టు ముక్కలను బొంతకు దాచండి; ఉత్తర కర్ణాటకలో ఇలా కుట్టే బొంతలను కౌది అంటారు, తల్లి చీరలతో ఒకటి కుట్టివ్వమని అడిగేవారు మా దగ్గరకు ఏడాదికి ఇద్దరు ముగ్గురు వస్తారు. అలాంటి పని ఒప్పుకునేటప్పుడు ప్రతి చీరకూ ఫోటో తీసి, ఏ భాగం కోయవచ్చో ఇంటివారితోనే సుద్దముక్కతో గీయించుకోండి. ఇంకా చిన్న కాటన్ తునకలు గుండుసూదుల దిండులోకి వెళతాయి. పాలిస్టర్ తునకలను కాల్చవద్దు. వాటిని వేరే సంచిలో కట్టి పొడి చెత్త తీసుకునే రోజున ఇచ్చేయండి.